సముద్ర చమురు అన్వేషణలో చిన్న కంపెనీల షేర్లు: ఆంధ్ర తీరం, చిన్న మదుపరులు

సముద్రం అడుగున చమురు, సహజవాయువు కోసం వెతకడమే పనిగా పెట్టుకున్న చిన్న కంపెనీల షేర్లను వ్యక్తులు సొంత డబ్బుతో కొంటుంటారు. వాటి విలువ ఎలా కట్టాలి, ఎక్కడ దెబ్బ తగులుతుంది అన్నది ఈ వ్యాస విషయం. ఇలాంటి కంపెనీకి సాధారణంగా అమ్మడానికి చమురు ఉండదు. ఒకటో రెండో బ్లాకుల్లో కొంత వాటా, కొన్ని భూకంప సర్వే పటాలు, బ్యాంకులో ఏడాదికో రెండేళ్లకో సరిపడే డబ్బు ఉంటాయి. తర్వాతి బావి తగిలితే షేరు పదింతలు కావచ్చు, తగలకపోతే పదో వంతు కూడా మిగలకపోవచ్చు. బంగాళాఖాతంలో ఆంధ్ర తీరానికి ఎదురుగా ఈ రెండూ జరిగాయి. అయితే ఇక్కడ నిజంగా గ్యాసు దొరికిన చోట కూడా చిన్న వాటాదారులు నష్టపోయారు. వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాల్సి వచ్చింది.

ఉద్దానం తీరం

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి మొదలుకొని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం దాకా సాగే తీరం ఎదుట సముద్రంలో చమురు ఉత్పత్తి లేదు. దీనికి కారణం నేలలోనే కనిపిస్తుంది. చమురు పుట్టాలంటే నదులు కోట్ల ఏళ్ల పాటు తెచ్చి పోసిన ఒండ్రు కిలోమీటర్ల మందాన పేరుకోవాలి. గోదావరి, కృష్ణ ఆ పని చేశాయి. ఒడిశా వైపు మహానది చేసింది. ఈ రెండు బేసిన్ల నడుమ ఉన్న ఉత్తరాంధ్రలో తూర్పు కనుమల ఖోండలైటు, చార్నొకైటు రాళ్లు దాదాపు తీరం దాకా వచ్చేస్తాయి. మందస దాటితే మహేంద్రగిరి కనిపిస్తూనే ఉంటుంది. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా చిన్న నదులు. అందుకే ఆంధ్ర చమురు కథంతా ఇక్కడికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దక్షిణాన, కాకినాడ, కోనసీమ తీరాల ఎదుట నడిచింది.

అయినా ఈ ప్రాంతానికి సముద్ర చమురు కొత్త సంగతేమీ కాదు. ఉద్దానం కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్ దేశాల చమురు క్షేత్రాల్లో, సింగపూర్ వైపు యార్డుల్లో పనిచేయడం చాలా ఇళ్లలో మామూలు విషయం. రిగ్గు మీద పన్నెండు గంటల షిఫ్టు ఎలా ఉంటుందో తెలిసిన కుటుంబాలకు ఆ రిగ్గును అద్దెకు తెచ్చిన కంపెనీ లెక్కలు మాత్రం ఎవరూ తెలుగులో చెప్పలేదు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు వ్యాపారం, టెక్కలిలో నీలి గ్రానైటు, వలస వెళ్లినవారు పంపే డబ్బు ఇక్కడి పొదుపుకు ఆధారం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను కూల్చేసింది. మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి ఇళ్ల ఆదాయాన్ని తినేస్తోంది. ఇలాంటి చోట పోగొట్టుకున్న డబ్బును మళ్లీ కూడబెట్టడానికి చాలా కాలం పడుతుంది. కాబట్టి ఈ షేర్ల గురించి ఇక్కడి పాఠకుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం అవసరం.

పలాసలో జీడి పిక్కలు కొనే వ్యాపారి ఎనభై కిలోల బస్తా నుంచి గుప్పెడు తీసి, కోసి, పప్పు ఎంత దిగుతుందో, మచ్చ ఎంత ఉందో చూసి ధర చెబుతాడు. అన్వేషణ కంపెనీ షేరులో అలా కోసి చూసే అవకాశం లేదు. కోసి చూడటానికయ్యే ఖర్చే అక్కడ పెట్టుబడిలో పెద్ద భాగం.

బ్లాకు నుంచి బావి దాకా

మన దేశంలో సముద్రాన్ని బ్లాకులుగా విభజించి వేలం వేస్తారు. 1999లో మొదలైన కొత్త అన్వేషణ లైసెన్సు విధానం, అంటే నెల్ప్, కింద కంపెనీలు ముందు తమ ఖర్చు రాబట్టుకుని, తర్వాత లాభంలో ప్రభుత్వానికి వాటా ఇచ్చేవి. 2016లో వచ్చిన హైడ్రోకార్బన్ అన్వేషణ, లైసెన్సు విధానం, అంటే హెల్ప్, దాన్ని మార్చి, ఖర్చుతో పని లేకుండా ఆదాయంలోనే వాటా అడిగింది. రెండింటిలోనూ కంపెనీ కొంటున్నది చమురును కాదు, నిర్ణీత గడువులోగా వెతికే హక్కును. ఆ గడువులో ఇన్ని చదరపు కిలోమీటర్ల సర్వే, ఇన్ని బావులు అని ముందే మాట ఇస్తుంది. ఇచ్చిన మాట తప్పితే బ్లాకు పోతుంది, దానిమీద పరిహారం కూడా కట్టాలి.

లోతు సముద్రంలో ఒక్క బావికే కోట్ల డాలర్లు కావాలి. రిగ్గు అద్దె రోజుకు లక్షల డాలర్లలో ఉంటుంది. చిన్న కంపెనీ ఆ భారం ఒంటరిగా మోయలేక తన వాటాలో కొంత పెద్ద కంపెనీకి ఇచ్చి ఖర్చు దాని మీద పెడుతుంది. దీన్ని వ్యాపారంలో ఫార్మవుట్ అంటారు. తన వంతు ఖర్చును కూడా భాగస్వామే భరిస్తే అది క్యారీడ్ వాటా. క్యారీ అయిపోయాక, బ్లాకు పనులు నడిపే ఆపరేటరు నెలనెలా పంపే క్యాష్ కాల్ నోటీసుకు చిన్న కంపెనీ కూడా డబ్బు కట్టాలి. డబ్బు లేకపోతే కొత్త షేర్లు అమ్ముకుంటుంది. పది కోట్ల షేర్లు ఇరవై కోట్లయితే పాత వాటాదారు చేతిలోని భాగం సగానికి పడిపోతుంది, ఆ రోజు షేరు ధర కదలకపోయినా సరే.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. బ్లాకులో తీయదగిన చమురు పది కోట్ల బ్యారెళ్లని అంచనా, నేలలో ఉండగా బ్యారెల్‌కు ఐదు డాలర్ల విలువ అనుకుంటే మొత్తం యాభై కోట్ల డాలర్లు. కంపెనీ వాటా పది శాతమైతే ఐదు కోట్లు. బావి తగిలే అవకాశం ఐదింట ఒకటి అనుకుంటే కోటి. బావి ఖర్చు ఆరు కోట్లలో పది శాతం, అంటే అరవై లక్షలు, తగిలినా తగలకపోయినా కట్టాల్సిందే. మిగిలేది నలభై లక్షల డాలర్లు. అదే సమయంలో స్టాక్ మార్కెట్ ఆ కంపెనీ మొత్తానికి మూడు కోట్ల డాలర్ల విలువ కడుతోందంటే, ఇంకా తవ్వని బావి తగిలే అవకాశం ఐదింట ఒకటి కంటే ఎంతో ఎక్కువని భావించి జనం కొంటున్నారని అర్థం. ఈ లెక్కకు కాగితం, కలం చాలు. కానీ ఇందులో వేసుకునే ప్రతి అంకె కంపెనీ తెప్పించిన నివేదికలోంచే వస్తుంది కాబట్టి, ఆ నివేదిక రాసినవారెవరో, వారికి డబ్బు ఇచ్చేదెవరో కూడా చూడాలి.

కృష్ణా–గోదావరి అనుభవం

కోనసీమ ఎదుట లోతు తక్కువ సముద్రంలో రవ్వ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ 1987లో కనుగొంది. 1994లో దాన్ని ఒక భాగస్వామ్యానికి అప్పగించారు. ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25, ఆస్ట్రేలియాకు చెందిన చిన్న కంపెనీ కమాండ్ పెట్రోలియంకు 22.5, మిగతా 12.5 రవ్వ ఆయిల్‌కు దక్కాయి. ఎడిన్‌బరోకు చెందిన కెయిర్న్ ఎనర్జీ 1996లో కమాండ్‌ను కొనేసింది. అప్పటికి కెయిర్న్ కూడా పెద్ద కంపెనీ ఏమీ కాదు. రోజుకు నాలుగు వేల బ్యారెళ్ల లోపు ఉన్న రవ్వ ఉత్పత్తి 1990ల చివరికి యాభై వేలకు చేరింది. ఎస్.యానాం దగ్గరి టెర్మినల్‌కు వచ్చే ఆ చమురే కెయిర్న్‌కు భారతదేశంలో నిలదొక్కుకునే బలమిచ్చింది. 2004లో రాజస్థాన్‌లో మంగళ క్షేత్రం దొరకడంతో ఆ కంపెనీ స్థాయే మారిపోయింది. ఆంధ్ర తీరంలో చిన్న అన్వేషకుడి షేరు నిజంగా ఫలించిన ఉదాహరణ ఇదే. ఇక్కడ చమురును అప్పటికే ఇంకొకరు కనుగొన్నారు, బావులు లోతు తక్కువ నీటిలో ఉన్నాయి, డబ్బు త్వరగా చేతికొచ్చింది. రవ్వను చూసి లోతు సముద్రపు షేర్లు కొన్నవారు ఈ మూడింటిని లెక్కలోకి తీసుకోలేదు.

అదే కెయిర్న్ 2000లో లోతు సముద్రంలో కేజీ–98/2 బ్లాకు తీసుకుంది. గ్యాసు తగిలినా, 2005లో 90 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అమ్మేసింది. ఆ బ్లాకు నుంచి తొలి చమురు బయటికొచ్చింది 2024 జనవరిలో. కొన్నాక దాదాపు పందొమ్మిదేళ్లు ఆగడం ప్రభుత్వ సంస్థకు సాధ్యమైంది. తర్వాతి ఏడాది జీతాలకు షేర్లు అమ్ముకోవాల్సిన కంపెనీకి అది సాధ్యమయ్యే పని కాదు.

పక్కనే ఉన్న డీ6 బ్లాకులో రిలయన్స్‌కు 90 శాతం, కెనడాలోని కాల్గరీకి చెందిన నికో రిసోర్సెస్‌కు 10 శాతం వాటా ఉండేవి. 2002లో భారీగా గ్యాసు దొరికింది. గాడిమొగ టెర్మినల్‌కు 2009 ఏప్రిల్‌లో గ్యాసు చేరింది. రోజుకు ఎనిమిది కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్న ప్రణాళిక మీద ఉత్పత్తి 2010లో ఆరు కోట్లను దాటి, అక్కడి నుంచి పడిపోయింది. 2013 నాటికి రెండు కోట్ల లోపే. ఊహించిన దానికంటే ముందే బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి. నికో షేరు 2010లో వంద కెనడియన్ డాలర్లు దాటింది. ఆ తర్వాత నిల్వల అంచనాను భారీగా కోయాల్సి వచ్చింది. ఇండోనేషియా లోతు సముద్రంలో తవ్విన బావులు తగల్లేదు, అప్పులు పేరుకున్నాయి. కొన్నేళ్లలోనే షేరు డాలరు కిందికి పడింది.

నికో కథలో అసలు పాఠం ఆ తర్వాతే వస్తుంది. డీ6లో రెండో దఫా అభివృద్ధికి రిలయన్స్, దాని వాటాలో కొంత కొని భాగస్వామిగా చేరిన బీపీ వందల కోట్ల డాలర్లు పెట్టడానికి సిద్ధపడ్డాయి. నికో తన పది శాతం వంతు క్యాష్ కాల్ కట్టలేకపోయింది. ఒప్పందం ప్రకారం ఆ వాటా మిగతా ఇద్దరికీ వెళ్లిపోయింది. ఇప్పుడు రిలయన్స్‌కు మూడింట రెండు వంతులు, బీపీకి ఒక వంతు ఉన్నాయి. 2020 డిసెంబరులో ఆర్ క్లస్టర్, 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే క్షేత్రం ఒకదాని వెంట ఒకటి ఉత్పత్తి మొదలుపెట్టాయి. నికో నమ్ముకున్న గ్యాసు నిజంగానే అక్కడ ఉంది, ఇవాళ బయటికి వస్తోంది. దాని పాత వాటాదారులకు మాత్రం అందులో ఏమీ మిగల్లేదు.

కాకినాడ ఎదుటి దీన్‌దయాళ్ క్షేత్రం కథ ఇంకా నేరుగా ఉంటుంది. 2005 జూన్ 26న గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి అక్కడ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని ప్రకటించారు. ఆ బ్లాకులో పది శాతం క్యారీడ్ వాటా జియోగ్లోబల్ రిసోర్సెస్ అనే చిన్న కాల్గరీ కంపెనీది. అమెరికన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఒకటి రెండు డాలర్ల దగ్గరున్న దాని షేరు ఆ ఏడాదే పది డాలర్లు దాటిపోయింది. ఖర్చు ఇంకొకరిది, లాభంలో వాటా తనది అనేసరికి మదుపరులకు అంతకంటే సురక్షితమైన ఏర్పాటు లేదనిపించింది. తర్వాత ఆమోదం పొందిన అభివృద్ధి ప్రణాళికలో గ్యాసు నిల్వ ప్రకటించినదానిలో దాదాపు పదో వంతే. భూమిలో వేడి, పీడనం విపరీతంగా ఉండటంతో బావుల ఖర్చు చేయి దాటిపోయింది. జీఎస్‌పీసీ ఖర్చు దాదాపు ఇరవై వేల కోట్ల రూపాయలకు చేరింది. చివరికి 2017లో ఓఎన్‌జీసీ దాని 80 శాతం వాటాను 99.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. జియోగ్లోబల్ షేరు అంతకు నాలుగేళ్ల ముందే సెంట్ల స్థాయికి దిగజారింది. క్యారీడ్ వాటా బావి ఖర్చు నుంచి కాపాడుతుందే తప్ప అంచనా తప్పితే కాపాడలేదు.

రవ్వలో 25 శాతం వాటా ఉన్న వీడియోకాన్ మరో రకం ఉదాహరణ. ఉత్పత్తి ఇచ్చే బావులున్నా, ఇతర వ్యాపారాల అప్పులు ముంచేయడంతో 2018లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మంచి బావి ఉన్న కంపెనీ షేరు మంచి షేరు అని చెప్పడానికి వీల్లేదు.

తెలుగు మదుపరులకు ఎక్కువ దెబ్బ తగిలింది అన్వేషణ షేర్లలో కాదు, డీ6 గ్యాసు వస్తుందని నమ్మి కట్టిన విద్యుత్ కేంద్రాల షేర్లలో. కొండపల్లి, వేమగిరి, పెద్దాపురం, రావులపాలెం పరిసరాల్లో ల్యాంకో, జీఎంఆర్, జీవీకే తదితర సంస్థల గ్యాసు కేంద్రాలు ఏళ్ల తరబడి ఇంధనం లేక ఖాళీగా నిలబడ్డాయి. తెలుగువారి కంపెనీలన్న నమ్మకంతో 2006లో ల్యాంకో, జీఎంఆర్, జీవీకే ఐపీఓల్లో డబ్బు పెట్టిన కుటుంబాలు ఆంధ్ర అంతటా ఉన్నాయి. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. సముద్రం అడుగున ఒక అంచనా తప్పితే దాని భారం చమురు షేరు ముఖమే చూడని మనిషి దాకా వస్తుంది.

ప్రకటనల భాష

అన్వేషణ కంపెనీ ప్రకటనలో మొదట చూడాల్సింది ఆ అంకె ఏ తరగతిదన్నది. ఇంకా తవ్వని చోట ఉండొచ్చన్న చమురును ప్రాస్పెక్టివ్ వనరులంటారు. తవ్వాక దొరికి, లాభసాటిగా తీయగలమో తేలనిది కంటింజెంట్. తీయడానికి ప్రణాళిక, అనుమతి, మార్కెట్ అన్నీ ఉన్నదే రిజర్వు. పత్రికల్లో, వాట్సాప్ సందేశాల్లో మూడింటినీ కలిపి "నిక్షేపాలు" అనేస్తారు. 2005 జూన్ నాటి 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల అంకెకు జరిగింది కూడా ఇదే. తవ్విన తర్వాత వచ్చే మాటల్లోనూ తేడాలున్నాయి. "హైడ్రోకార్బన్ షోస్ కనిపించాయి" అంటే ఆనవాళ్లు ఉన్నాయని మాత్రమే. "నెట్ పే ఇన్ని మీటర్లు" అంటే చమురు నిండిన రాతి పొర నిజంగా ఉందని. "ప్లగ్డ్ అండ్ అబాండన్డ్" అంటే బావికి సిమెంటు బిరడా వేసి వదిలేశారని. కొన్ని ప్రకటనల్లో ఈ మూడో మాట మూడో పేజీలో ఉంటుంది.

ఫాక్‌లాండ్ దీవుల దగ్గర 2010 డిసెంబరులో డిజైర్ పెట్రోలియం అనే చిన్న బ్రిటన్ కంపెనీ బావిలో చమురు తగిలిందని గురువారం ప్రకటించింది. సోమవారం నాటికి అది నీరని సవరించుకుంది. షేరు ఒక్కరోజులో సగమైంది. అక్కడే అదే ఏడాది రాక్‌హాపర్‌కు సీ లయన్ క్షేత్రం నిజంగా దొరికింది, షేరు పదింతలకు పైగా పెరిగింది. అయినా పదమూడేళ్ల తర్వాత కూడా అక్కడి నుంచి ఒక్క బ్యారెల్ అమ్ముడుపోలేదు. సెనెగల్‌లో 2014లో పెద్ద క్షేత్రం కనుగొన్న భాగస్వాముల్లో ఒకటైన ఆస్ట్రేలియా చిన్న కంపెనీ ఎఫ్‌ఏఆర్, 2020లో చమురు ధర కుప్పకూలినప్పుడు తన వంతు డబ్బు కట్టలేక వాటా అమ్ముకుంది. 2024లో అక్కడ చమురు వచ్చే నాటికి ఆ క్షేత్రంలో ఎఫ్‌ఏఆర్ పేరు లేదు. నికోకు డీ6లో ఎదురైన డబ్బు కొరతే ఎఫ్‌ఏఆర్‌కు సెనెగల్‌లో ఎదురైంది.

ప్రభుత్వం, అనుమతులు, ధర

అనుమతి కాగితం కంపెనీ ఆస్తి కాదని ఉద్దానం ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. సోంపేట దగ్గరి చిత్తడి నేలలైన బీల భూముల్లో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి ఉండేది. 2010 జూలై 14న దాన్ని వ్యతిరేకించిన జనంపై పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ కంపెనీ షేరు కొన్నవారిలో ఎంతమంది బీల పేరు విన్నారో కానీ, బీల చుట్టుపక్కల ఊళ్ల మనుషులు మాత్రం ప్రాజెక్టు భవిష్యత్తును ముందే చూశారు. సముద్రంలోనూ ఇదే తీరు. సర్వే నౌకలు తిరిగే రోజుల్లో, వేదికల చుట్టూ 500 మీటర్ల నిషేధిత వలయంలో మత్స్యకారులు వేటకు దూరమవుతారు. కోనసీమ, కాకినాడ తీరాల్లో నష్టపరిహారం గొడవలు ఏళ్ల నుంచి సాగుతున్నాయి. ఇవి కంపెనీ నివేదికలో ఒక్క వాక్యంగా కనిపిస్తాయి. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అంత పెద్ద సంస్థ కాబట్టి తట్టుకుంది.

ధరల మీద కూడా ప్రభుత్వం చేయి ఉంటుంది. డీ6 గ్యాసు మొదట్లో వాయువు కొలమానమైన ఎంఎంబీటీయూకు 4.20 డాలర్లకే అమ్మాలన్నది ప్రభుత్వ నిర్ణయం. అంబానీ సోదరుల తగాదాలో 2010 మే 7న సుప్రీంకోర్టు ప్రభుత్వ అధికారాన్నే సమర్థించింది. ఆ రోజు తమ్ముడి కంపెనీ రిలయన్స్ నేచురల్ రిసోర్సెస్ షేరు ఒక్కసారిగా ఐదో వంతుకు పైగా పడింది. అందులో చిన్న వాటాదారులు లక్షల్లో ఉండేవారు. 2022 జూలైలో దేశీయ ముడి చమురుపై విండ్‌ఫాల్ పన్ను వేసి, 2024 డిసెంబరులో తీసేశారు.

కొనే దారి

భారత స్టాక్ మార్కెట్లలో సముద్ర అన్వేషణే ప్రధాన వ్యాపారంగా ఉన్న చిన్న కంపెనీలు ఒక చేతి వేళ్లకు మించవు. వాటిలో పాతది హిందుస్థాన్ ఆయిల్ ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీ. హెచ్.టి. పరేఖ్ చొరవతో 1983లో మొదలైంది. తమిళనాడు తీరంలో దాని పీవై–1 క్షేత్రం 2009లో ఉత్పత్తి మొదలుపెట్టి, అంచనాల కంటే చాలా తక్కువ ఇచ్చింది. తర్వాత ముంబై తీరంలో బీ–80 క్షేత్రం మీద ఆ కంపెనీ ఆధారపడింది.

లండన్ ఎయిమ్ మార్కెట్, టొరంటో, సిడ్నీల్లోని చిన్న కంపెనీల షేర్లు కొనాలంటే రిజర్వు బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం దారి. 2004లో 25 వేల డాలర్లతో మొదలైన పరిమితి ఇప్పుడు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు. ఇలా కొన్న షేర్లను ఆదాయపన్ను రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపాలి. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ ఇరవై లక్షల రూపాయలు దాటి ఉండి చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడే వీలుంది. పెట్టుబడి ఇరవై వేల రూపాయలే అయినా చూపాల్సిందే అన్న సంగతి చాలామందికి తెలియదు. గల్ఫ్‌లో ప్రవాస భారతీయ హోదాలో ఉండగా కొన్నవారు, తిరిగొచ్చి ఇక్కడ పూర్తి నివాసి హోదా పొందిన ఏడాది నుంచి ఆ షేర్లను చూపాలి. ఫలానా షేరు కొనమని డబ్బు తీసుకుని చెప్పేవారు సెబీ దగ్గర రీసెర్చ్ అనలిస్టుగానో సలహాదారుగానో నమోదై ఉండాలి. ఆ నంబరు సెబీ వెబ్‌సైటులో చూసి సరిపోల్చుకోవచ్చు.

కేజీ బేసిన్ సముద్రంలో ఇప్పుడు ఉత్పత్తిలో ఉన్న లోతు నీటి బ్లాకులు రిలయన్స్–బీపీ, ఓఎన్‌జీసీల చేతుల్లోనే ఉన్నాయి. డీ6లో వాటా కావాలనుకునే చిన్న మదుపరి రిలయన్స్ షేరు కొనాలి. దాని ఆదాయంలో గ్యాసు బావుల భాగం రిఫైనరీ, టెలికాం, రిటైల్ వ్యాపారాల ముందు చాలా స్వల్పం. 98/2 మీద నమ్మకం ఉన్నవారు ఓఎన్‌జీసీ షేరు కొనాలి, అక్కడ ముంబై హై తదితర పాత క్షేత్రాల మంచిచెడులే ధరను నడిపిస్తాయి. ఆంధ్ర సముద్రంలో ఒక్క బావి మీద పందెం కాయగల చిన్న షేరు నికో, జియోగ్లోబల్‌లతోనే పోయింది.